ఇంటి నుంచి పని చేస్తున్నారా? ఆ రీస్టార్ట్ ఇంక వాయిదా వెయ్యకండి

అమలాపురం, రావులపాలెం, పాలకొల్లు, భీమవరం, మన డెల్టాలో ఏ ఊరు తీసుకున్నా వీధికి ఒకరిద్దరైనా హైదరాబాదు కంపెనీకో బెంగళూరు కంపెనీకో అమెరికా కంపెనీకో ఇంట్లో కూర్చుని పని చేసేవాళ్లు కనిపిస్తున్నారిప్పుడు. మేడ మీద గది, ఇన్వర్టర్, ఫైబర్ కనెక్షన్, అది పోతే ఫోన్ హాట్‌స్పాట్. అన్నీ బాగానే అమర్చుకుంటారు గానీ, స్క్రీన్ కింద మూలన "రీస్టార్ట్ చెయ్యాలి" అని రోజూ వచ్చే ఆ చిన్న డబ్బాని మాత్రం రోజూ "తర్వాత" అని పంపించేస్తారు. ఆఫీసులో ఉన్నన్నాళ్లూ ఈ పని ఐటీ వాళ్లు రాత్రిపూట కానిచ్చేసేవారు, మనకి తెలిసేది కూడా కాదు. ఇప్పుడు మీ ఇంట్లో కరెంటు ఎప్పుడు ఉంటుందో, నెట్ ఎప్పుడు బాగుంటుందో, మీకు ఖాళీ ఎప్పుడో వాళ్లకేం తెలుసు? కాబట్టి ఈ పని సగం మీదే.

ముందు ఎందుకో చెప్పుకుందాం, ఎక్కువసేపు కాదు. ప్యాచ్ అంటే సాఫ్ట్‌వేర్‌లో బయటపడిన లోపాన్ని పూడ్చే ముక్క. అది విడుదలైన రోజే లోపం ఎక్కడుందో దొంగలకీ తెలిసిపోతుంది, ఎందుకంటే పాత ఫైలునీ కొత్త ఫైలునీ పక్కపక్కన పెట్టి ఏం మారిందో చూసుకోవడం వాళ్లకి పెద్ద పని కాదు. అంటే ప్యాచ్ వచ్చాక దాన్ని వేసుకోని మెషీన్ అంతకు ముందుకన్నా ఎక్కువ ప్రమాదంలో పడుతుంది. 2017 మే 12న వానాక్రై అనే, ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్ ప్రపంచమంతా పాకినప్పుడు జరిగిందిదే. అది దూరిన లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ ఇచ్చేసింది. వేసుకున్నవాళ్లు బతికిపోయారు, వేసుకోనివాళ్లలో బ్రిటన్ ఆస్పత్రుల నుంచి మన రాష్ట్రంలో కొన్ని పోలీసు కంప్యూటర్ల దాకా ఉన్నాయి.

ఇంటి కంప్యూటర్‌కి అంత సీన్ ఉందా అంటారా? 2022లో లాస్ట్‌పాస్ అనే పాస్‌వర్డ్‌లు దాచే కంపెనీకి పడిన దెబ్బ చూడండి. వాళ్ల ఇంజనీరు ఒకాయన ఇంటి కంప్యూటర్‌లో సినిమాలూ వీడియోలూ చూసుకోవడానికి ప్లెక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, పాత వెర్షన్. అందులోని లోపానికి 2020లోనే ప్యాచ్ వచ్చింది, అది వచ్చాక దాదాపు 75 వెర్షన్లు దాటిపోయాయని ప్లెక్స్ వాళ్లే తర్వాత చెప్పారు. ఆ లోపంలోంచి దూరి, కీబోర్డు మీద ఆయన కొట్టే ప్రతి అక్షరాన్నీ పట్టి, మాస్టర్ పాస్‌వర్డ్ లాగేశారు. ఆఫీసు సాఫ్ట్‌వేర్ కాదు, విండోస్ కాదు, వీడియోలు చూసుకునే ప్రోగ్రాం! అందుకే కింద చెప్పేది విండోస్‌తో మొదలవుతుంది గానీ విండోస్‌తో ఆగదు.

టైమ్ ఎప్పుడు పెట్టుకోవాలి

మైక్రోసాఫ్ట్ నెలవారీ సెక్యూరిటీ ప్యాచ్‌లు ప్రతి నెలా రెండో మంగళవారం వస్తాయి. అమెరికా పడమటి తీరంలో ఉదయం పదింటికి, అంటే మనకి మంగళవారం రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. అమెరికా షిఫ్ట్ చేసేవాళ్లకి ఇది సరిగ్గా కాల్స్ మధ్యలో పడుతుంది, మిగతావాళ్లకి బుధవారం పొద్దున్న కాఫీ తాగుతూ లాప్‌టాప్ తెరిచేసరికి ఎదురుగా ఉంటుంది. ఎమర్జెన్సీ అయితే మధ్యలో కూడా వదులుతారు.

వేసవిలో దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేసి ఆ కొద్ది వారాల్లోనే పూడికతీతలూ లాకుల మరమ్మతులూ చేసుకుంటారు కదా, నీళ్లు పారుతుండగా ఎవరూ దిగరు. మీ మెషీన్‌కీ అలా కట్టేసే టైమ్ ఒకటి ఉండాలి, కాకపోతే వారానికి ఒక గంట. నా లెక్కలో శుక్రవారం షిఫ్ట్ అయిపోయాక, లేదా శనివారం పొద్దున్న. అప్పటికి మంగళవారం వచ్చిన ప్యాచ్‌లో ఏదైనా గొడవ ఉంటే నెట్‌లో గోల మొదలయ్యుంటుంది, మీదేమో వీకెండ్ కాబట్టి ఏదైనా తేడా వచ్చినా సోమవారం లోపు సర్దుకోవచ్చు. సెక్యూరిటీ ప్యాచ్‌ని వారం దాటనివ్వకండి. ఇప్పటికే దాడులు జరుగుతున్న లోపం అని వార్తల్లోనో, మన కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ హెచ్చరికలోనో చూస్తే శనివారం దాకా కూడా ఆగొద్దు, ఆ రోజే కానిచ్చెయ్యండి.

ఇప్పుడు సెట్టింగ్స్. విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, విండోస్ అప్‌డేట్‌లోకి వెళ్లి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ చూడండి. అక్కడ యాక్టివ్ అవర్స్ అని ఉంటుంది, ఆ గంటల్లో మెషీన్ తనంతట తను రీస్టార్ట్ అవ్వదు. ఆటోమేటిక్‌లో వదిలేస్తే మీ వాడకం చూసి అదే సర్దుకుంటుంది గానీ షిఫ్టులు మారుతూ ఉండేవాళ్లు దాన్ని నమ్ముకోకుండా మాన్యువల్ పెట్టి మీ టైమింగ్స్ మీరే ఇవ్వండి, గరిష్ఠంగా 18 గంటలు ఇవ్వొచ్చు. రాత్రి షిఫ్ట్ వాళ్ల మెషీన్‌లో పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు అని ఉండిపోతే, క్లయింట్ కాల్ మధ్యలో స్క్రీన్ నీలంగా మారి చక్రం తిరుగుతుంటుంది, ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. అదే పేజీలో వర్డ్, ఎక్సెల్ ఉండే ఆఫీసు ప్యాకేజీ లాంటి మిగతా మైక్రోసాఫ్ట్ ఉత్పత్తులకి కూడా అప్‌డేట్లు తెప్పించే స్విచ్ ఉంటుంది, ఆన్ చెయ్యండి. మొదటి పేజీలో "వచ్చిన వెంటనే కొత్త అప్‌డేట్లు ఇవ్వు" అనే అర్థంతో ఉన్న స్విచ్ మాత్రం పని మెషీన్‌లో ఆఫ్‌లోనే ఉంచండి, అది సెక్యూరిటీకి సంబంధించింది కాదు, కొత్త హంగులు అందరికన్నా ముందు రుచి చూడాలనుకునేవాళ్లకి. ఆప్షనల్ అని వచ్చే ప్రివ్యూలు కూడా అంతే, వదిలెయ్యండి.

కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్ అయితే ఈ సెట్టింగ్స్ కొన్ని మీ చేతిలో ఉండవు, "మీ సంస్థ నిర్వహిస్తోంది" అన్న లైను కనిపిస్తుంది. మంచిదే. కాకపోతే ఒక చిక్కుంది. కొన్ని కంపెనీల్లో ప్యాచ్‌లు ఆఫీసు లోపలి సర్వర్ నుంచే వస్తాయి, వీపీఎన్, అంటే ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే భద్రమైన దారి, కలిపితే తప్ప ఆ సర్వర్ మీ మెషీన్‌కి కనపడదు. పని అంతా బ్రౌజర్‌లోనే అయిపోతోంది కదా అని వీపీఎన్ ఊసెత్తనివాళ్ల మెషీన్లు నెలల తరబడి ఒక్క ప్యాచ్ లేకుండా ఉండిపోవచ్చు, పైకి అంతా బాగానే ఉన్నట్టుంటుంది. విండోస్ అప్‌డేట్ పేజీలో "చివరిగా చూసింది" అని తేదీ ఉంటుంది, అది పాతగా ఉంటే వీపీఎన్ కలిపి ఓ గంట అలా వదిలెయ్యండి, అప్పటికీ కదలకపోతే ఐటీని అడగండి.

కరెంటూ, నెట్టూ

మనకి వేరే ఊళ్లవాళ్లు రాసిన గైడ్లు సరిపోనిది ఇక్కడే. కొంచెం గాలి వేస్తే చాలు కొబ్బరి మట్ట తీగల మీద పడుతుంది, కరెంటు పోతుంది, లైన్‌మన్ వచ్చి మట్ట తీసేదాకా రాదు. లాప్‌టాప్ అయితే పర్లేదు, బ్యాటరీ సగానికి పైన ఉండి ఛార్జర్ పెట్టి ఉంటే నిశ్చింతగా అప్‌డేట్ కొట్టొచ్చు. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా మొదలుపెట్టొద్దు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అంటారు, చాలా ఇన్వర్టర్లు కరెంటు పోయినప్పుడు మారే ఆ రెప్పపాటులో ఫ్యాన్ ఆగదు గానీ కంప్యూటర్ ఆగిపోతుంది. కొన్నిటికి వెనకాల యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది, చూసి అందులో పెట్టండి. మామూలు విండోస్ ప్యాచ్ మధ్యలో కరెంటు పోయినా చాలాసార్లు అది వెనక్కి తిప్పుకుని మళ్లీ లేస్తుంది. బయోస్ (విండోస్ కన్నా ముందు మెషీన్‌ని లేపే, మదర్‌బోర్డులో ఉండే ప్రోగ్రాం) అప్‌డేట్ అలా కాదు, మధ్యలో ఆగితే మదర్‌బోర్డే మూలన పడొచ్చు. కాబట్టి బయోస్ అని కనిపిస్తే కరెంటు స్థిరంగా ఉన్న పూట, బ్యాటరీ నిండా ఉండి, ఛార్జర్ పెట్టి ఉంటేనే. తుఫాను హెచ్చరిక ఉన్న వారం అసలు ముట్టుకోవద్దు.

తుఫాను అంటే గుర్తొచ్చింది. 2025 అక్టోబరు చివర్లో మొంథా మన తీరం దాటింది. ఇలాంటప్పుడు కరెంటూ నెట్టూ పోతే మళ్లీ ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు. హెచ్చరిక రాగానే అందరం ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు చూసుకుంటాం, ఫోన్లు ఛార్జ్ పెట్టుకుంటాం. దానితో పాటే, గాలి మొదలవ్వకముందే, పెండింగ్‌లో ఉన్న మామూలు ప్యాచ్‌లు వేసి రీస్టార్ట్ కూడా చేసేసుకోండి, ఎందుకంటే కరెంటు తిరిగొచ్చిన రోజు మీరు ఫోన్ హాట్‌స్పాట్ మీద, అరకొర సిగ్నల్‌తో, పేరుకుపోయిన పని చేస్తుంటారు, అప్పుడు అప్‌డేట్ డౌన్‌లోడ్ పెట్టే తీరిక ఉండదు.

హాట్‌స్పాట్ సంగతి ఇంకొంచెం చెప్పాలి. రోజుకి రెండు జీబీ ప్యాక్ మీద నెట్టుకొస్తున్నవాళ్లు డేటా అయిపోతోందని వైఫై సెట్టింగ్‌లో మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేసుకుంటారు. ఆలోచన సరైనదే. కానీ అది ఆన్‌లో ఉంటే విండోస్ చాలా అప్‌డేట్లని తనంతట తను దించుకోదు, ఆ నెట్‌వర్క్ మీదే ఉన్నంతకాలం అలాగే ఉండిపోతుంది. నెలవారీ ప్యాచ్ కొన్ని వందల ఎంబీ ఉండొచ్చు, ఒక్కోసారి జీబీ దాటొచ్చు. మార్గం ఏమిటంటే, మీటర్డ్ అలాగే ఉంచి, నెలకోసారి రెండో మంగళవారం తర్వాత ఫైబర్ ఉన్న చోటుకి, పెదనాన్న గారింటికో స్నేహితుడింటికో లాప్‌టాప్ పట్టుకెళ్లి అక్కడ దించుకోవడం. అదీ కుదరకపోతే రోజు ప్యాక్ అర్ధరాత్రి మారేముందు మిగిలిన డేటాతో చేతితో డౌన్‌లోడ్ కొట్టడం. ఒకే ఇంట్లో అన్నా చెల్లీ ఇద్దరివీ విండోస్ మెషీన్లయితే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ తెరిచి, లోకల్ నెట్‌వర్క్‌లోని మెషీన్ల నుంచి తీసుకోమని పెట్టండి, ఒకరు దించుకున్నదాంట్లోంచి రెండోవాళ్లకి చాలా వరకు వైఫైలోనే అందుతుంది. ఇంటర్నెట్‌లో ఉన్న మెషీన్లకి కూడా ఇచ్చే ఆప్షన్ మాత్రం ఎంచుకోకండి, మన డేటా ఊరందరికీ పంచక్కర్లేదు.

రీస్టార్ట్ అయితేనే అయినట్టు

చాలామంది పొరపాటు పడేది ఇక్కడ. ప్యాచ్ దిగింది, ఇన్‌స్టాల్ నూరు శాతం అంది, ఇంక అయిపోయిందనుకుని మూత మూసేస్తారు. మూత మూస్తే మెషీన్ నిద్రపోతుందంతే, మెమరీలో నడుస్తున్నది పాత, లోపం ఉన్న ఫైలే. షట్‌డౌన్ చేస్తున్నాం కదా అంటారు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కూడా పూర్తి షట్‌డౌన్ కాదు, విండోస్ లోపలి భాగాన్ని డిస్క్ మీద దాచిపెట్టి పొద్దున్న దాన్నే మళ్లీ లేపుతుంది. అనుమానంగా ఉంటే ఇప్పుడే చూడండి: కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కితే కింద అప్ టైమ్ అని ఉంటుంది. రోజులు, గంటలు, నిమిషాలు, సెకన్లు వరసగా చూపిస్తుంది. రోజూ రాత్రి షట్‌డౌన్ చేసేవాళ్ల మెషీన్‌లో కూడా అక్కడ ఇరవై రోజులో ముప్పై రోజులో కనపడితే ఆశ్చర్యపోకండి. రీస్టార్ట్ కొట్టాక మళ్లీ చూడండి, సున్నా నుంచి మొదలవుతుంది. వారంలో ఒకసారైనా ఆ అంకె సున్నాకి రావాలి, నేను చెప్పేదాంట్లో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి.

బ్రౌజర్‌దీ ఇదే కథ. క్రోమ్ తనంతట తను అప్‌డేట్ దించుకుంటుంది, కానీ మూసి తెరిస్తేనే కొత్తది పని చేస్తుంది. అరవై ట్యాబులు తెరిచి పెట్టుకుని, అవి పోతాయేమోనని మూయరు. పోవు, రీలాంచ్ నొక్కితే మామూలు ట్యాబులన్నీ తిరిగొస్తాయి, ఇన్‌కాగ్నిటోవి తప్ప. సగం నింపిన ఫారం ఏదైనా ఉంటే మాత్రం ముందు దాన్ని పంపించెయ్యండి. పైన కుడిమూల రంగు కనిపిస్తే పచ్చ కొత్తగా వచ్చిందని, నారింజ నాలుగు రోజులయిందని, ఎరుపు వారం దాటిందని. ఎరుపు దాకా తెచ్చుకోవద్దు, 2023 ఆగస్టు నుంచి క్రోమ్ సెక్యూరిటీ అప్‌డేట్లు వారం వారం వస్తున్నాయి.

తర్వాత అసలు ఎవరూ పట్టించుకోనివి. ఫైళ్లని కుదించి, విప్పే విన్‌రార్ దాదాపు ప్రతి లాప్‌టాప్‌లో ఉంటుంది, ఎప్పుడు వేశారో వేసినవాళ్లకే గుర్తుండదు, అది తనంతట తను అప్‌డేట్ అవ్వదు. 2023లో దానిలో ఒక లోపాన్ని నెలల తరబడి దొంగలు వాడుకున్నాక 6.23 వెర్షన్‌లో సరిచేశారు, 2025లో ఇంకోటి బయటపడితే జులై చివర్లో 7.13లో సరిచేశారు. మీది తెరిచి హెల్ప్‌లో వెర్షన్ చూడండి. అంతకన్నా పాతదైతే కొత్తది వేసుకోండి, లేదా తీసిపారెయ్యండి, విండోస్ 11 ఇప్పుడు రార్ ఫైళ్లని తనే విప్పుతుంది. సెవెన్ జిప్, వీఎల్‌సీ, పీడీఎఫ్ రీడర్, జూమ్, దూరం నుంచి ఇంకొకరి కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్, వీపీఎన్ క్లయింట్, ఇవన్నీ ఒకసారి చూసుకోవాల్సినవే. వాడనిదాన్ని అప్‌డేట్ చెయ్యడం కన్నా తీసెయ్యడమే మేలు, లేని ప్రోగ్రాంకి ప్యాచ్ అక్కర్లేదు. మాక్ వాడేవాళ్లు సిస్టమ్ సెట్టింగ్స్‌లో జనరల్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తెరిచి ఆటోమేటిక్‌వి అన్నీ ఆన్ చేసుకుంటే చాలా వరకు అయినట్టే. ఆఫీసు మెయిల్, ఓటీపీ యాప్ ఉన్న ఫోన్‌ని కూడా మర్చిపోవద్దు.

విండోస్ 10 ఇంకా ఉంటే

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి విన్‌వర్ (winver) అని ఇంగ్లిష్‌లో కొడితే మీది ఏదో తెలుస్తుంది. సొంత మెషీన్ అయితే ఈఎస్‌యూ అనే పొడిగింపులో చేరితే 2026 అక్టోబరు 13 వరకు సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి, దానికి 22హెచ్2 వెర్షన్ ఉండాలి. కంపెనీ నిర్వహణలో ఉన్న మెషీన్లకి ఈ ఇంటి పథకం వర్తించదు, కంపెనీయే విడిగా కొనాలి. పదకొండుకి మారాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచి ప్రాసెసర్ కావాలి. లేని మెషీన్ మీద అడ్డదారిలో పదకొండు ఎక్కించి ఇస్తాం అనేవాళ్లుంటారు, పని మెషీన్‌కి నేనైతే వద్దంటాను.

అసెంబుల్డ్ పీసీ కొన్నప్పుడు షాపులో "అన్నీ వేసే ఇచ్చాం" అన్నారా? ఆ విండోస్ క్రాక్‌తో యాక్టివేట్ చేసిందైతే, క్రాక్ పోకుండా ఉండడానికి అప్‌డేట్లు ఆపేసి ఇచ్చి ఉండొచ్చు. పైగా ఆ యాక్టివేటర్ ప్రోగ్రాంలోనే వైరస్ ఉండడం కొత్తేమీ కాదు. క్లయింట్ డేటా తెరిచే మెషీన్ మీద అది ఉందంటే ఇంతవరకూ చెప్పినవన్నీ దండగ, శుభ్రంగా ఫార్మాట్ కొట్టి అసలు విండోస్ వేసుకోవాల్సిందే.

ప్యాచే కొంప ముంచితే?

ముంచుతుంది, అప్పుడప్పుడు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ వదిలిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు కూలబడ్డాయి, విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అది చూపించి అప్‌డేట్లే మానేస్తామనేవాళ్లున్నారు, అది సరికాదు. చెయ్యాల్సిందల్లా అందరూ ఒకేసారి దూకకుండా ఉండడం. నలుగురైదుగురితో చిన్న ఆఫీసు నడిపేవాళ్లు, రొయ్యల ఎగుమతి లెక్కలు చూసేవాళ్లనుకోండి, ట్యాక్స్ పనులు చేసేవాళ్లనుకోండి, బుధవారం ఒక మెషీన్‌కి వేసి, టాలీ తెరుచుకుంటోందా, ప్రింటర్ పని చేస్తోందా, వీపీఎన్ కలుస్తోందా చూసి, శుక్రవారం మిగతావాటికి వెయ్యండి. వాట్సాప్ గ్రూపులో ప్రతి శనివారం ఒక్కొక్కరూ విన్‌వర్ స్క్రీన్, అప్ టైమ్ రెండూ ఫోటో తీసి పెడితే చాలు, ఖరీదైన టూల్స్ తర్వాత సంగతి.

ఏటా వచ్చే పెద్ద వెర్షన్ మార్పు వేరు, దానికి నెలా రెండు నెలలు ఆగినా పాత వెర్షన్‌కి మద్దతు తేదీ ఉన్నంతవరకు పర్లేదు.

అప్‌డేట్ మొదలుపెట్టే ముందు రెండు పనులు. సీ డ్రైవ్‌లో ఓ ఇరవై జీబీ ఖాళీ చూసుకోండి, చాలా ఫెయిల్యూర్లు చోటు లేకే. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉన్న మెషీన్ అయితే 48 అంకెల రికవరీ కీ ఎక్కడుందో ముందే తెలుసుకోండి. 2024 జులై ప్యాచ్ తర్వాత కొన్ని మెషీన్లు లేవగానే ఆ కీ అడిగాయి. సొంత మెషీన్‌ది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఆఫీసుది ఐటీ దగ్గర ఉంటుంది. కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, లాప్‌టాప్ సంచిలో మాత్రం కాదు.

ఇంకోటి, బ్రౌజర్‌లో ఏదో పేజీ తెరిస్తే "మీ క్రోమ్ పాతబడింది, ఇక్కడ నొక్కండి" అని వచ్చినా, స్క్రీన్ నిండా విండోస్ అప్‌డేట్ లాంటి బొమ్మ వచ్చి ఫలానా కీలు నొక్కమన్నా, అది అప్‌డేట్ కాదు, వల. నిజమైన విండోస్ అప్‌డేట్ మిమ్మల్ని ఏదీ కాపీ చేసి పేస్ట్ చెయ్యమనదు. "ఐటీ నుంచి మాట్లాడుతున్నాం, ప్యాచ్ వెయ్యాలి, ఎనీడెస్క్ ఆన్ చెయ్యండి" అని ఫోన్ వస్తే పెట్టేసి, మీ దగ్గరున్న ఐటీ నంబరుకి మీరే చెయ్యండి.

వేసిన ప్యాచ్ వల్ల ఏదైనా ఆగిపోతే విండోస్ అప్‌డేట్‌లో అప్‌డేట్ హిస్టరీ తెరిచి కిందికి వెళ్తే అన్‌ఇన్‌స్టాల్ దారి ఉంటుంది. సొంత మెషీన్ అయితే అక్కడ తీసేసి, పాజ్ ఒక్క వారానికి పెట్టి, సరిచేసిన ప్యాచ్ వచ్చాక మళ్లీ వేసుకోండి. విండోస్ అయిదు వారాల దాకా పాజ్ ఇస్తుంది గానీ అంత తీసుకోవద్దు. ఆఫీసు మెషీన్ అయితే మీరేం తియ్యకండి, అదే హిస్టరీలో కేబీ అని మొదలయ్యే నంబరు, పక్కనే ఉండే ఎర్రర్ కోడ్, రెండూ ఫోన్‌తో ఫోటో తీసి టికెట్‌లో పెట్టండి. "అప్‌డేట్ అవ్వట్లేదండి" అని ఒక్క ముక్క రాసి పంపిస్తే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఆ నంబరే.